ముందు నీటికి బాట, పిమ్మట మనకు వీధి

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయపు నీడను చదువుకొనుచు వచ్చినవారిలో నేనొకడను. లెక్కలు వ్రాయుట నా వృత్తి. పురాణములు, ప్రబంధములు చదువుట నా వ్యసనము. గురుముఖమున నేర్చినవాడను కాను. ఈ బీరువాలే నా గురువులు. కావున నేడు ఏ కావ్యమును గూర్చియో నాలుగు మాటలు చెప్పుదునని మీరు తలచియుందురు. కాని కార్యవర్గమువారు ఊరికి అక్కరకు వచ్చు విషయమొకటి చెప్పుడని కోరిరి. ఊరికి ఇప్పుడు అక్కరలో ఉన్న విషయమేదో అందరికిని తెలియును. వీధులు తిరిగి వేయవలెనని సంకల్పించితిమి. సిమెంటు వీధి ఎప్పుడు పడును, ఎవరి ఇంటి ముందు మొదలగును, ఎంత వెడల్పుండును అను చర్చయే రచ్చబండ కడ నిత్యము వినవచ్చుచున్నది. ఆ వీధిలో పడిన వాననీరు ఎటు పోవును అను ప్రశ్న మాత్రము వినవచ్చుట లేదు. ఆ ప్రశ్నయే నా ఉపన్యాసము. నేను చెప్పదలచినదంతయు ఒక్క వాక్యమున ఇమిడియున్నది: ముందు నీటికి బాట వేయుదము, పిమ్మట మనకు వీధి వేసికొందము.

బాటలకు నేను విరోధిని కాను. రోగిని డోలీలో మోసికొనిపోయిన భుజములు ఈ సభలోనే ఎన్నియో యున్నవి. మన మండలములోని పెదపాడు గ్రామముననే 2025 ఏప్రిల్ 7వ తేదీన ఉపముఖ్యమంత్రి శ్రీ పవన్ కల్యాణ్ గారు 'అడవితల్లి బాట' అను పేర గిరిజన గ్రామముల రహదారి పనులకు శంకుస్థాపన చేసిరి. ఊరికి బాట వచ్చుట ఊరికి ప్రాణము వచ్చుటయే. అయితే ఊరిదాక వచ్చు బాట వేరు, ఊరి నడుమ వేయు వీధి వేరు. ఊరిదాక వచ్చు బాటకు ఇరుప్రక్కల పొలములుండును. నీరు ఏ ప్రక్కకైనను జారిపోవును. ఊరి వీధికి ఇరుప్రక్కల గడపలుండును. అచట నీరు జారినచో ఒకరి ఇంటిలోనికే జారును.

మొదట మన నేలను గూర్చి రెండు మాటలు. మన తూర్పు కనుమలలో విస్తారముగా దొరకు శిలను భూగర్భ శాస్త్రజ్ఞులు ఖోండలైటు అందురు. ఈ కొండలలో నివసించు ఖోండు జాతి పేరుమీదుగనే ఆ శిలకు ఆ పేరు వచ్చినది. అది ఎండకు వానకు యుగయుగములుగా చివికి మనము త్రొక్కుచున్న ఎర్రమట్టి యైనది. ఎండిననాడు ఆ మట్టి రాయివలె ఉండును. నానిననాడు పాలలో వేసిన అటుకులవలె మెత్తబడును. మన చాపరాయి కడకు పోయి చూడుడు. అచట నీరు వెడల్పైన బండమీద చాపవలె పరచుకొని జారును. బండ చెక్కుచెదరదు, పిల్లలు అందులో ఆడుకొందురు. ఆ నీటినే మన క్రింది వీధి ఎర్రమట్టిమీద విడిచిచూడుడు. ఒక్క ఋతువులో మోకాలిలోతు గండి పడును. బొర్రా గుహలను చూడనివారు ఇచట అరుదు. అంత పెద్ద గుహలను సున్నపురాతిలో తొలిచినది కూడ నీరే. నీటికి బలము చాలదని ఎన్నడును అనుకొనరాదు. దానికి కావలసినది కాలమో, వాలో రెండింటిలో ఒకటి. మన కొండలలో వాలునకు లోటు లేదు.

ఇక వాన మాట. మృగశిర కార్తె మొదలు నాలుగు నెలలు నైరుతి వానలు. అవి తగ్గినవనుకొను వేళకు ఆశ్వయుజ కార్తికములలో బంగాళాఖాతపు తుపానులు. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణము కడ తీరము దాటిన హుద్‌హుద్ తుపాను మన కాఫీతోటల నీడచెట్లను కూల్చిన తీరు మీకు జ్ఞాపకమే. మనకు వాన చుట్టము కాదు, ఇంటివాడు. ఇంటివాడు నడచుటకు దారి విడువక ఇల్లు కట్టుకొనువారుండరు గదా!

"మన తాతలు కాలువలు త్రవ్వినారా? వారు బ్రదుకలేదా?" అని కొందరు పెద్దలు నన్నడిగిరి. న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానము వారి ఊరి కట్టుబడిలోనే యున్నది. నాటి ఇండ్లు గడ్డికప్పు ఇండ్లు. గడ్డికప్పు తొలి వానను తాను కొంత త్రాగి, మిగిలినదానిని మెల్లగా జార్చును. ఇంటి వెనుక కూరపాదుల దొడ్డి, ముందు వెడల్పైన మట్టివీధి. ఎర్రమట్టి అలికిన ఎత్తైన అరుగు. దొడ్డి కొంత త్రాగెను, వీధి కొంత త్రాగెను, మిగిలినది గెడ్డకు పోయెను. వారు కాలువ త్రవ్వలేదు గాని నీటికి చోటు విడిచిరి. మనమో రేకు కప్పితిమి, శ్లాబు వేసితిమి, దొడ్డిలో మరియొక గది కట్టితిమి. ఇప్పుడు వీధికి సిమెంటు పోయబోవుచున్నాము. వీనిలో ఒక్కటియు చుక్క నీరు త్రాగదు. తాతలు విడిచిన చోటు మనము కట్టడములతో పూడ్చితిమి గనుక, తాతలు త్రవ్వని కాలువ మనము త్రవ్వవలసియున్నది.

నేను లెక్కలవాడను గనుక ఒక లెక్క మీ ముందుంచెదను. ఇది ఊరకే చెప్పుకొను ఉదాహరణము. మన ఊరి కొలత కాదు. పై మెట్టనుండి ఒక వీధిలోనికి దిగు నేల పది ఎకరములు, అనగా సుమారు 4 హెక్టార్లు అనుకొందము. ఒక గంటలో 5 సెంటీమీటర్ల వాన పడినదనుకొందము. ఒక చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు వాన పడినచో అది ఒక లీటరు. ఆ చొప్పున పది ఎకరములపై పడినది 20 లక్షల లీటర్లు. పదింట నాలుగు పాళ్ళు నేలలో ఇంకినను, తక్కిన 12 లక్షల లీటర్లు ఆ గంటలో వీధిలోనికి రావలయును. అనగా సెకనుకు 333 లీటర్లు. 15 లీటర్ల బిందెలతో లెక్కించినచో, మనము కన్నుమూసి తెరచులోపల ఇరువదిరెండు బిందెలు! ఇట్లు గంటసేపు.

ఇన్ని బిందెల నీటికి ఎంత కాలువ కావలెను? నూరు అడుగుల పొడవునకు ఒక అడుగు వాలు చొప్పున నున్నగా సిమెంటుతో కట్టిన కాలువ, 45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉన్నయెడల, నిండుగా పారినపుడు సెకనుకు సుమారు 380 లీటర్లు మోయగలదు. మన ఉదాహరణమునకు సరిపోయినది. ఇచటనే ఒక మోసమున్నది. "అడుగున్నర ఎందుకు, అడుగు చాలును, ఖర్చు మూడవవంతు తగ్గును" అని ఎవరైన అనవచ్చును. 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతుగల కాలువ అదే వాలులో మోయునది సుమారు 130 లీటర్లు మాత్రమే. కొలత మూడవవంతు తగ్గించినచో పనితనము మూడింట రెండువంతులు పోయినది! మిగిలిన నీరు కాలువ గట్టు దాటి గడపలను వెదకికొనుచు పోవును. కొలిచి కట్టిన కాలువకు, చూచి కట్టిన కాలువకు ఇంత భేదము.

ఈ విషయమంతయు ఆలోచించినపుడు నాకు గంగావతరణ కథ స్ఫురించినది. విశ్వామిత్రుడు శ్రీరామునకు చెప్పిన ఆ కథను మనమందరము భక్తితో విన్నవారమే. నాలుగుసార్లు చదివిన పిమ్మట అందులో నాకు నీటిపని పద్ధతి యొకటి కనబడినది. ఆకాశగంగ నేలపైకి దూకునపుడు భూమి ఆ వేగమును ఓర్వలేదు. శివుడు ఆమెను జటలలో నిలిపి, బిందుసరస్సునకు విడిచి, ఏడు పాయలుగా పారునట్లు చేసెను. ఇది పైనున్న పని. పిమ్మట భగీరథుడు రథమెక్కి ముందు నడువగా గంగ వెనుక నడచెను. ఇది నడిమి పని. తుదకు సాగరమున చేరెను. ఇది కడపటి పని. పైన వేగము నిలుపుట, నడుమ దారి చూపుట, కడపట చేర్చుట: ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను అది గంగావతరణము కాదు, వరద.

మొదటిది, పైన వేగము నిలుపుట. ఊరికి ఎగువన మెట్ట అంచున, ఇండ్ల వెనుకగా, వాలునకు అడ్డముగా ఒక కందకము త్రవ్వవలెను. మెట్టనుండి దిగు నీరు ఊరిలోనికి రాకమునుపే ఆ కందకమున పడి, ఇరుప్రక్కలనున్న సహజమైన గెడ్డలలోనికి మెల్లగా పోవలెను. కందకపు గట్టుమీద గడ్డి, చెట్లు నాటినచో మట్టి కదలదు. ఎగువన తుప్పలు నరికి నేలను బోడి చేయుట ఊరి నెత్తిమీద కుండ దొర్లించుటయే. ఈ పద్ధతి మన తెలుగుదేశమున పెద్ద యెత్తున జరిగినదే. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమున వేలాది జనులను బలిగొన్నది. మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. నగరపు వీధులను, మురుగును చక్కబెట్టు పనికి ఆయన ముందుగా చూచినది నగరమును కాదు, నగరమునకు ఎగువనున్న నేలను. వరదను ఎగువనే ఆపుటకై ఆయన సూచించిన రెండు జలాశయములే 1920లో పూర్తియైన ఉస్మాన్ సాగర్, 1927లో పూర్తియైన హిమాయత్ సాగర్. మహానగరమునకు రెండు సాగరములు కావలసివచ్చినవి. మన ఊరికి ఒక కందకము చాలును. సూత్రము మాత్రమొకటియే.

రెండవది, నడుమ దారి చూపుట. ఇచట ముఖ్యమైన మాట గడపను గూర్చినది. సిమెంటు వీధికి క్రింద గ్రావెలు పొర, పైన కాంక్రీటు పొర కలిసి జానెడు మందమునకు తక్కువ కాదు. ఉన్న మట్టిమీదనే వానిని పోసినయెడల వీధి జానెడు లేచును. వీధి జానెడు లేచినచో గడప జానెడు దిగినట్లే. లెక్కల పనిమీద నేను తిరిగిన ఊళ్ళలో ఒకచోట ఇట్లే జరిగినది. వీధి పడిన నాడు కొబ్బరికాయలు కొట్టిరి. తొలకరినాడు అదే వీధిలో పల్లపు ఇండ్లవారు గడపలకు ఇసుక సంచులు అడ్డము పెట్టుకొనిరి. ఇల్లలుకగానే పండుగ కాదని పెద్దలు ఊరకే అనలేదు. కావున పని మొదలిడకమునుపే ప్రతి గడప ఎత్తును కొలిచి వ్రాసికొనవలెను. ఆ వీధిలో అన్నింటికంటె పల్లపు గడప ఏదియో దానికి క్రిందుగా వీధి నిలుచునట్లు, పాతమట్టిని ముందు త్రవ్వి తీయవలెను. దీనికి పెద్ద యంత్రములు అక్కరలేదు. మేస్త్రీలు వాడు నీటి గొట్టమొకటి చాలును. పారదర్శకమైన గొట్టములో నీరు నింపి రెండు కొసలు పట్టుకొన్నచో, రెండు కొసలలోను నీరు ఒకే మట్టమున నిలుచును. నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును అందురు. పల్లమేదో నీటినే అడిగి తెలిసికొందము. మనలో మనకు వాదమెందుకు?

వీధి పైభాగము పలకవలె చదునుగా ఉండరాదు. ఏబది పాళ్ళకు ఒక పాలు చొప్పున కాలువ వైపునకు వాలవలెను. మూడు మీటర్ల వెడల్పుగల వీధికి ఒక అంచుకంటె మరియొక అంచు ఆరు సెంటీమీటర్లు దిగియుండవలెను. నడచువారికి ఆ వాలు తెలియదు, నీటికి తెలియును. వాలు మరీ ఎక్కువగా ఉన్నచోట కాలువ అడుగును మెట్లు మెట్లుగా కట్టి, దూకు చోట రాళ్ళు పరచవలెను. లేనియెడల వేగమునకు కాలువ అడుగే కొట్టుకొనిపోవును. తూము ముందర ఒండ్రు పట్టుటకు ఒక గుంట ఉండవలెను. దాటుటకు ఇండ్ల ముందు వేయు పలకలు ఇద్దరు మనుషులు ఎత్తి తీయగలిగినవై యుండవలెను. ఎత్తరాని పలక క్రింద ఏమి పేరుకొన్నదో ఎవరికిని తెలియదు.

కాంక్రీటు పోయకమునుపే త్రాగునీటి గొట్టములను కూడ భూమిలో వేయించుకొనవలెను. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జలజీవన్ పథకముతో ఇంటింటికి కుళాయి అను ఆశ పల్లెలకు వచ్చినది. క్రొత్తగా పోసిన వీధిని గొట్టము కొరకు పగులగొట్టి, ఆ గాటును మట్టితో పూడ్చి పోయిన దృశ్యము మీరును చూచియుందురు. ఆ గాటులోనుండి దిగిన నీరు కాంక్రీటు క్రింది మట్టిని తీసికొనిపోవును. పైకి వీధి యుండును, క్రింద డొల్ల యుండును. ఒక బండి చక్రము చాలును దాని రహస్యము బయటపెట్టుటకు.

మరియొక జాగ్రత్త. వాననీటి కాలువలోనికి ఇంటి మురుగు విడువరాదు. వంటింటి నీరు, స్నానపు నీరు ఎవరి దొడ్డిలో వారు ఇంకుడుగుంట త్రవ్వి అందు విడువవలెను. మరుగుదొడ్డి నీటి మాట చెప్పనేల? మన కాలువ కడపట చేరునది గెడ్డలోనికి. ఆ గెడ్డ నీటితోనే దిగువవారు వరిమళ్ళు తడుపుకొందురు, పశువులను కడుగుదురు. కాలువలో నీరు నిలువకుండ వాలు సరిగా ఉండుట ఆరోగ్యమునకును అవసరమే. మలేరియాను వ్యాపింపజేయునది దోమయని రోనాల్డ్ రాస్ 1897లో మన సికిందరాబాదుననే కనుగొనెను. మన్యపు జ్వరముల బాధ మనకు ఒకరు చెప్పవలసినది కాదు. దోమ గ్రుడ్డు నిలువ నీటిలో దోమయై లేచుటకు వారమో పదిదినములో పట్టును. వారములోపల నీరు ఖాళీయగు కాలువ దోమకు పుట్టినిల్లు కాజాలదు.

మూడవది, కడపట చేర్చుట. దీనినే అందరమును మరచుచున్నాము. కాలువ ఎక్కడ మొదలగును అని అడుగుదుము గాని ఎక్కడ ముగియును అని అడుగము. పని ఎప్పుడును పల్లపు కొసనుండి ఆరంభించి ఎగువకు కట్టుకొని రావలెను. ఏలయన, నిధులు సగములో ఆగిపోయినను, వాన ముందుగా వచ్చినను, కట్టినంత మేర పనిచేయుచుండును. పై కొసనుండి కట్టుకొని వచ్చి నడుమ ఆగినచో, పై వీధి నీటినంతటిని పోగుచేసి ఒక్క నిర్భాగ్యుని ఇంటిముందు కుమ్మరించినట్లగును. గడచిన ఋతువువరకు అతనికి తన వాటా నీరు మాత్రమే వచ్చెను. ఇప్పుడు ఊరి నీరంతయు వచ్చును. దీనిని అభివృద్ధి యందుమా?

పల్లపు కొసయన్నచో మన ఊరిలో ఎవరి భూమిగుండ పోవలెనో మీకు తెలియును. పేరు చెప్పను. గంగ దారిలో జహ్నుమహర్షి యజ్ఞవాటికను ముంచినది. ఆయన కోపించి గంగనంతటిని త్రాగివేసెను. దేవతలు ప్రార్థించిన పిమ్మట చెవులగుండ విడిచెను. నాటినుండి ఆమె ఆయన కూతురై జాహ్నవి యైనది. ఈ కథలో జహ్నువు తప్పేమున్నది? తన వాటికను ముంచిన నీటిని ఆయన ఆపెను. దారిలోనున్నవానిని అడుగక నీటిని నడిపినచో పని అచటనే ఆగునని కథ చెప్పుచున్నది. గౌరవముగా అడిగినచో అతడే ఆ నీటికి తండ్రియగునని కూడ చెప్పుచున్నది. కావున ఆ రైతు పొలమున కాలువ గీత గీయకమునుపు ఊరిపెద్దలు అతని ఇంటికి పోయి అడుగవలెను. పోవు నేలకు బదులుగా అతనికి ఊరు ఏమి ఇచ్చునో సభలో చెప్పి వ్రాయవలెను. కాలువ గట్లు రాతితో కట్టి, పొలమునకు గండి పడకుండ చూచు పూచీ ఊరిది. ఊరి మేలు కొరకు ఒక్కడు నష్టపడవలెననుట సులభము. ఆ ఒక్కడు మనము కానంతవరకు.

పై వీధివారికిని ఒక మనవి. మీ ఇండ్లలోనికి నీరు రాదు గనుక కాలువ మీకు అక్కరలేదని తోచవచ్చును. కాని క్రింది వీధిని ముంచు నీరు మీ కప్పులనుండి దిగినదే. కౌటిలీయార్థశాస్త్రమును మైసూరున శామశాస్త్రిగారు 1909లో అచ్చువేయించి లోకమునకు అందించిరి. వీధిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు, బురదతోనో నీటితోనో వీధిని అడ్డగించినవానికి పాతిక పణము, రాజమార్గమునందైనచో ఇబ్బడి జరిమానా అని అందు విధింపబడియున్నది. ఇంటివాడు తన నీరు వేగముగా పోవునట్లు పొరుగువాని గోడకు ఎడముగా జలమార్గము చేయించుకొనవలెనని కూడ అందున్నది. మన నీరు మన గడప దాటినంతమాత్రమున మన బాధ్యత దాటిపోదు అని రెండువేల యేండ్లకు పూర్వమే ఈ దేశమున శాసనమై యుండెను. నేడు జరిమానా వేయు కౌటిల్యుడు లేడు. పొరుగువాని మొగము మనమే చూచుకొనవలెను.

నిర్ణయించు అధికారము మాత్రము నేడు మన చేతనే యున్నది. షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీల కొరకు పార్లమెంటు 1996లో చేసిన చట్టము ప్రకారము, అభివృద్ధి పనుల ప్రణాళికలను పంచాయతి చేపట్టకమునుపు గ్రామసభ ఆమోదింపవలెను. ఖర్చైన నిధులు సరిగా వినియోగమైనవని పంచాయతి గ్రామసభనుండియే ధ్రువపత్రము పొందవలెను. అనగా పనికి ముందొకసారి, పని పిమ్మట ఒకసారి ఊరిని అడుగవలెను. వేలిముద్ర వేసి వచ్చుటయే గ్రామసభ యని తలచుట మన అధికారమును మనమే గెడ్డలో విడుచుట. లెక్క అడుగుట అవమానము చేయుట కాదు. మన జిల్లాకు 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి అల్లూరి సీతారామరాజుగారి పేరున్నది. 1922లో ఆయన నడిపిన మన్యపు పితూరికి గల కారణములలో, గూడెం కొండలలో రోడ్డు పనికి కొండవారిని పెట్టి న్యాయమైన కూలి ఇయ్యకపోవుట యొకటి. రోడ్డు మంచిదే, దాని లెక్క చెడ్డది. ఆ పేరు మోయు జిల్లాలో రోడ్డు లెక్క తెల్లని కాగితమువలె ఉండవలెను.

ఇక చివరి ఆక్షేపణ: "వచ్చు ధనము వీధికే చాలదు, కాలువకు ఎక్కడిది?" నా సమాధానము: వీధి పొడవు తగ్గింపుడు, కాలువ తగ్గింపకుడు. కాలువగల మట్టివీధి పదియేండ్లు నిలుచును. కాలువలేని సిమెంటు వీధి క్రింది మట్టి నాలుగు వానకాలములలో కదలును. నూరు గజముల వీధి వేసి మరమ్మతులకు ధనములేక చూచుచుండుటకంటె, అరువది గజముల వీధిని కాలువతో సహా వేసి, మిగిలిన నలువది గజములు మరుసటి యేట వేయుట లెక్క తెలిసిన పని. "కాలువలను బాగుచేయువారెవరు?" అనియు అడుగుదురు. ఇటుకల పండుగ వెళ్ళిన పిమ్మట, తొలకరికి ముందు, ఎవరి ఇంటిముందు కాలువను వారు ఒక పూట శుభ్రము చేయవలెను. తూములను, కందకమును ఊరంతయు కలిసి చేయవలెను. నైరుతి వానలు తగ్గినవెంటనే, తుపానులకు ముందు, మరియొక పూట. ఏడాదికి రెండు పూటలు! గోటితో పోవుదానికి గొడ్డలి వరకు పోనేల?

కావున నా మనవులు ఇవి. మొదటిది, వచ్చు వానకాలములో ఒక పెద్దవాన కురియు దినమున నలుగురు యువకులు గొడుగులు పట్టుకొని ఊరంతయు తిరిగి, నీరు ఎక్కడ పుట్టి ఎటు మళ్ళి ఎక్కడ నిలుచుచున్నదో పటముగా గీయవలెను. ఇంజినీరుగారికి మనము చూపదగిన మొదటి కాగితము అదియే. రెండవది, ప్రతి గడప ఎత్తును కొలిచి ఒక పుస్తకములో ఎక్కింపవలెను. మూడవది, కడపటి కొసయందలి రైతుతో ఒప్పుదల కుదిరినగాని అంచనా వేయింపరాదు. నాలుగవది, పని వరుస ఇట్లుండవలెను: కడపటి తూము, దానినుండి ఎగువకు కాలువ, ఎగువ కందకము, నీటి గొట్టములు, అన్నింటికిని తుదిని వీధి. అయిదవది, అంచనా, కొలతలు, చెల్లింపులు అన్నియు తెలుగున వ్రాసి, తెలుగు రానివారికి కువిలోను, కొండ ఒడియాలోను చదివి వినిపింపవలెను.

ఈ పటము, గడపల పుస్తకము, లెక్కల పుస్తకము ఎచట ఉంచవలెనని అడుగుదురేమో. ఈ గ్రంథాలయముననే. ఇరువదియైదు సంవత్సరములుగా మనము ఇచట పరుల ఊళ్ళ కథలు, పరుల కాలముల కథలు చదివితిమి. ఇకమీదట మన ఊరి పుస్తకమొకటి కూడ ఈ బీరువాలో ఉండనిండు. ఎవరు అడిగినను తీసి చూపదగిన పుస్తకము. ఏ చందాదారుడైనను చదివి "ఇచట తప్పు పడినది" అని వ్రేలు పెట్టదగిన పుస్తకము. దానికి కావలసిన గీతల కాగితములు, అట్ట నేనిచ్చెదను. కూడికలు నేను చేసెదను. కొలతలు మీరు తేవలెను.

క్రింది వీధిలో మంచముమీద పిల్లలను కూర్చుండబెట్టి, నేలమీది నీరు చేటతో ఎత్తిపోయు తల్లులు ఈ సభలో నున్నారు. వచ్చు వానకాలమున కాకపోయినను, అటుపై వచ్చు వానకాలముననైన వారు ఆ చేటను గోడకు తగిలించి, వాన చప్పుడు వినుచు నిద్రించు రాత్రి రావలయును. వీధి ఎంత తెల్లగా పడినదని కాక, ఆ రాత్రి వచ్చినదా లేదా అని మన పనిని కొలుతుము గాక.